పెద్దావిడ గొంతు

పందొమ్మిదో అధ్యాయం, మూడో పేజీ, పైనుంచి ఆరో వరుస. ఆడియో పుస్తకం చదువుతున్న రీడరమ్మ ఆ వాక్యాన్ని మైకు ముందు సగం చదివి ఆగిపోయింది. మిగతా సగం కళ్లతో చదువుకుంది. మళ్లీ మొదటినుంచి చదువుకుంది. ‘పెద్దావిడ మాట్లాడిన ప్రతిసారీ కొత్తకోడలికి ఒళ్లు జలదరించేది, ఎందుకంటే ఆ ఎనభై ఏళ్ల ముఖంలోంచి వచ్చేది లేతగా, తియ్యగా, ఎక్కడా చిన్న గరుకైనా లేని పదహారేళ్ల పిల్ల గొంతు.’ ఇప్పుడా చెప్పడం? పద్దెనిమిది అధ్యాయాలు అయిపోయాక ఇప్పుడా నోరు విప్పడం? ఆ పద్దెనిమిదింటిలోనూ పెద్దావిడ చేత తుప్పుపట్టిన గేటు తీసినట్టు గరగరా మాట్లాడించింది కదా తను. మొదటి అధ్యాయంలో ఆవిడ మేడమెట్ల మీద కనిపించినప్పుడు రచయిత శాలువా గురించి రాశాడు, వేళ్ల కణుపుల గురించి రాశాడు, చేతికర్ర పిడి మీద చెక్కిన పక్షి గురించి అరపేజీ రాశాడు, గొంతు గురించి ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదా ఆ మహానుభావుడికి!

గాజుపలకకు అవతల కూర్చున్న చెవులపిల్లి అప్పటికే తల పట్టుకున్నాడు. రికార్డింగ్ చేసే ఆ మనిషికి స్టూడియోలో అందరూ కలిసి పెట్టిన పేరది. నలభై దాటినవాడు, బట్టతల, మాట తక్కువ, వినికిడి ఎక్కువ. చదివేవాళ్ల కడుపులో పేగు కదిలినా అవతలినుంచి ‘మేడమ్, కడుపు’ అంటాడు, పేజీ తిప్పితే ‘మేడమ్, కాగితం’ అంటాడు, ఒకసారి ‘మేడమ్, ఆలోచన’ అన్నాడు, ఆవేళ ఆమె నిజంగానే పొయ్యి ఆపానా లేదా అని ఆలోచిస్తోంది. మేనేజరు మాత్రం తల పట్టుకోలేదు, ఆయనకు అంత తీరిక లేదు. వచ్చి, వాక్యం చదివి, గడియారం చూసి, చాలా మర్యాదగా చెప్పాడు. “రచయితకు ఫోన్ చేసి ఆ వాక్యం తీసేద్దామా అని అడుగుతాను మేడమ్. ఒప్పుకున్నాడా సరేసరి. లేదంటే పన్నెండు లోపల మీరు ఆ లేత గొంతు వినిపించండి, పెద్దావిడ మాటలు మాత్రం మళ్లీ తీసి అతికించుకుందాం. అదీ కుదరకపోతే మీరేమీ అనుకోకూడదు, పుస్తకం మొత్తం వార్తలమ్మాయికి ఇచ్చేస్తాను.” అప్పుడు పదకొండు. ఏమీ అనుకోకూడదట. యాభై ఎనిమిదేళ్ల మనిషి చేతిలోంచి ఒక పుస్తకం లాక్కున్నారంటే రెండో పుస్తకం ఇక ఇంటికి రాదని ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు, వార్తలు చదివే ఆ అమ్మాయికి అందరికంటే బాగా తెలుసు.

ఎవర్ని అనాలి? ముందు పుస్తకం మొత్తం ఒకసారి చదువుకోవాలి, పెన్సిల్‌తో ఎవరి గొంతు ఎలా ఉండాలో అంచుల్లో రాసుకోవాలి, ఆ తర్వాతే మైకు ముందు కూర్చోవాలి. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటిరోజు తను చెప్పే పాఠమే అది. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ తప్పలేదు, వంటల పుస్తకం కూడా ముందే చదువుకుని మరీ వచ్చింది. ఈసారి చదవలేదు. మేనేజరు అడిగితే, దెయ్యాల భవంతి కథ ముందే చదివేస్తే చదివేటప్పుడు భయం పుట్టదండీ, అని గొప్పగా చెప్పింది. అబద్ధం. అసలు సంగతి అక్క. చూపు మందగించి రెండేళ్లయింది అక్కకు, అప్పటినుంచి సాయంత్రం ఆరు కొట్టగానే పేపరు చదివి వినిపించాలి. ముఖ్యమైనవి నాలుగు చదివితే ఊరుకుంటుందా? పెళ్లికొడుకు కావలెను, ఇల్లు అద్దెకు ఇవ్వబడును, తప్పిపోయిన కుక్క, చనిపోయినవాళ్ల ఫొటోల కింద రాసిన నాలుగు వరుసలు, అన్నీ కావాలి. మధ్యలో ఊపిరి తీసుకుంటే ‘ఏం, ఆపావేం, అక్కడితో అయిపోయిందా?’ అంటుంది. పగలంతా స్టూడియోలో చదివి, సాయంత్రం అక్కకు చదివి, ఎనిమిదయ్యేసరికి గొంతూ కళ్లూ రెండూ మూతపడేవి. ఆ స్థితిలో నాలుగువందల పేజీల భవంతి ఎక్కడ చదువుతుంది, ఎప్పుడు చదువుతుంది? కాబట్టి తప్పు అక్కదే, అనుకుంది రీడరమ్మ, అనుకున్నాక కాస్త ఊపిరాడింది.

గదిలో ఫ్యాను లేదు, చల్లగాలి మిషన్ తిరిగితే చప్పుడని ఆపేస్తారు, గోడలకు మెత్తటి నల్లటి దిండ్లు, తలుపు మూస్తే బయటి లోకం లేనట్టే. ఎర్రలైటు ఆరి ఉంది. గోరువెచ్చటి నీళ్లు రెండు గుక్కలు తాగి ప్రయత్నించింది. ‘లోపలికి రామ్మా.’ పెద్దావిడ అనే మాట అది, ఈ అధ్యాయం చివర్లో. లేతగా అంటే పక్కింటి చంటిది వచ్చింది. తియ్యగా అంటే సబ్బుల ప్రకటన వచ్చింది. కాస్త తగ్గించి అంటే సూది గుచ్చబోయే నర్సు వచ్చింది. గాజుపలక అవతల చెవులపిల్లి తల దించుకుని మీటలు తుడుస్తున్నాడు, అది మరీ ఘోరం. విసుగొచ్చి పేజీలు ముందుకు తిప్పింది, ఇప్పుడు చదివి ఏం లాభమని తిట్టుకుంటూనే. అడవి చివర నలభై గదుల భవంతి, చుట్టూ పదిమైళ్లలో దీపం లేదు, పెళ్లయిన మూడోరోజే భార్యను అక్కడ దింపి పనుందని వెళ్లిపోయిన భర్త, పడమటివైపు గదుల్లోకి వెళ్లొద్దనే వంటవాడు, గోడ లోపలినుంచి గోకుతున్న చప్పుడు. నలభై గదులు ఎవరు ఊడుస్తున్నారు? ఉన్నది ఒక్క వంటవాడు. ఆ కొత్తకోడలికి బుద్ధి లేదా, గోడ గోకుతుంటే పెట్టె సర్దుకుని పోకుండా కొవ్వొత్తి పట్టుకుని చూడ్డానికి వెళ్తుందా? పదమూడో అధ్యాయంలో అయితే గుర్రబ్బండి వాకిట్లోనే ఉంది, బండివాడు రమ్మంటున్నాడు కూడా, ఎక్కదు, పెద్దావిడకు ఒంట్లో బాగాలేదట, రెండ్రోజులు ఉండి వెళ్తుందట. ఆ పేజీ చదువుతున్నప్పుడు రీడరమ్మకు ఎంత మంటెత్తుకొచ్చిందంటే గొంతు పెరిగిపోయి చెవులపిల్లి రెండుసార్లు ఆపాడు. పోవే, పో, అనాలనిపించింది. పోలేకపోవడమంటే ఏమిటో తనకు తెలియనట్టు.

తెలుసు. రెండు గదుల ఇల్లు, మూడో అంతస్తు, పదిమైళ్ల వరకు దీపాలే దీపాలు. అయినా వెళ్లింది ఎక్కడికి? అమ్మా నాన్నా పోయేసరికి తనకు నాలుగేళ్లు, అక్కకు పందొమ్మిది. అక్క పెంచింది. పెంచడమంటే ముద్దలు కలిపి పెట్టిందనీ కథలు చెప్పి నిద్రపుచ్చిందనీ కాదు. బొబ్బలు పెట్టింది, అరుపులూ కేకలూ. లేపడం బొబ్బలతో, జడ వెయ్యడం బొబ్బలతో, లెక్కలు చెప్పడం బొబ్బలతో, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వెయ్యడం కూడా ‘కదలకు, కదిలావంటే చంపుతా’ అంటూనే. తనకు ఒక సంబంధం వచ్చింది ఇరవై ఆరో ఏట, మంచివాడే, దూరపు ఊళ్లో ఉద్యోగం, ఆ నెలలోనే అక్క మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక చూద్దామనుకున్నారు. విప్పేసరికి అతనికి వేరేచోట కుదిరింది. అక్క వద్దనలేదు, ఆగమనలేదు, ‘నీ ఇష్టం’ అంది, అది కూడా ఆ గరగర గొంతుతోనే. ఆ గొంతే. మొదటి అధ్యాయంలో మేడమెట్ల మీద పెద్దావిడ మొదటి మాట, ‘తలుపు వేశావా?’ అని ఉంది, అంతే, రీడరమ్మ ఏమీ ఆలోచించలేదు, నోరు తెరిస్తే అక్క వచ్చేసింది. ఎవరూ లేరనుకున్న గదిలోకి ఎవరో అడుగుపెట్టినట్టు చెవులపిల్లి వెనక్కి తిరిగి చూశాడు, తర్వాత బొటనవేలు ఎత్తి చూపించాడు. పద్దెనిమిది అధ్యాయాలూ అక్కే. రోజూ అక్క చేత విషం కలిపించింది, తాళాలు వేయించింది, కోడల్ని చీకటి గదిలో పెట్టించింది. ఎంత హాయిగా ఉండిందని! ఇంటికెళ్లి పేపరు చదివేటప్పుడు కూడా కోపం రాలేదు ఈ నెలన్నరా. ఇప్పుడు అదంతా చెరిపెయ్యమంటున్నారు, దానికి బదులు తేనె పొయ్యమంటున్నారు.

పదకొండున్నరకు మేనేజరు గాజుపలక దగ్గరికొచ్చి తల అడ్డంగా ఊపాడు. బటన్ నొక్కి మాట్లాడాడు. “ఒప్పుకోలేదు మేడమ్. ఆ గొంతు కోసమే పుస్తకం రాశాడట. గరుకు గొంతున్న ముసలావిడకు ఎవరు భయపడతారు, ఇంటింటికీ ఒకరుంటారు కదా, అంటున్నాడు.” ఇంటింటికీ ఒకరట! రీడరమ్మకు నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకే ఏడుపొచ్చింది, రెండూ మింగింది. “వార్తలమ్మాయి పన్నెండింటికి ఎలాగూ వస్తుంది. చూద్దాం,” అన్నాడు మేనేజరు. చూద్దాం అంటే ఏమిటో అందరికీ తెలుసు. వస్తుంది ఆ పిల్ల, పాతికేళ్లు, లేత గొంతు పెట్టుకునే పుట్టింది, ఆ వాక్యం చూసి ‘ఓ, ఇంతేనా’ అంటుంది. రీడరమ్మ కళ్లు మూసుకుంది. తీపి కావాలి, సబ్బు తీపి కాదు, ఎదుటిమనిషి మొహం చూడకుండానే కరిగించే తీపి. ఎవరి దగ్గర విన్నది అలాంటిది? ఎప్పుడో విన్నది. చెవిలో ఉంది, మనిషి గుర్తు రావడం లేదు, మందుల వాసన గుర్తొస్తోంది. మందుల వాసన ఎందుకు? మందులకొట్టు. కొట్టు బల్ల మీద నల్లటి ఫోను, బల్ల అంచు తన గడ్డం దగ్గరికి వచ్చేది, అంటే తనకు తొమ్మిదేళ్లు.

అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. తలకు పట్టీలా హెడ్‌సెట్ పెట్టుకుని, ముందున్న బోర్డులో వైర్లు గుచ్చుతూ పీకుతూ ఎనిమిది గంటలు కూర్చునే ఉద్యోగం. ఒక శనివారం కొట్టాయన లోపలికి వెళ్లినప్పుడు తను ఊరికే ఫోనెత్తింది, ఎత్తగానే ఆపరేటరు పలికే రోజులవి. “ఎక్స్ఛేంజి. ఏ నంబరు కావాలండీ?” ఎవరో అనుకుంది. రెండో మాటకు తెలిసింది. అక్క! అక్క నోట్లోంచి అండీ! గబుక్కున పెట్టేసింది. వారం తిరిగేసరికి మళ్లీ ఎత్తింది. ఆ ఏడాది ప్రతి శనివారం ఎత్తింది, ఒక్క మాట మాట్లాడలేదు, మాట్లాడితే గుర్తుపడుతుంది కదా. ఒకరోజు ఆ గొంతు కాసేపు ఆగి, “భయపడకండమ్మా. నెమ్మదిగా చెప్పండి, నేను లైన్లోనే ఉంటాను,” అంది. ఉంది కూడా. బోర్డు మీద ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో ఏమో, ఊపిరి వినిపిస్తూ అలాగే ఉంది. ఫోను చెవికి నొక్కుకుని తొమ్మిదేళ్ల పిల్ల కదలకుండా నిలబడింది, కొట్టాయన వచ్చి చెవి మెలిపెట్టే దాకా. ఆ సాయంత్రం అదే మనిషి ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే ‘గిన్నెలు ఎవరు కడుగుతారే, మీ తాతా?’ అంది. ఆ రాత్రి దిండులో మొహం దాచుకుని ఏడ్చింది గిన్నెల గురించి కాదు. ఊళ్లో ఎవరు ఫోనెత్తితే వాళ్లకు దొరికే గొంతు తనకెందుకు లేదని. యాభై ఎనిమిదేళ్లొచ్చినా ఆ కోపం తగ్గలేదని ఇప్పుడే తెలిసింది, ఈ గాలాడని గదిలో, గడియారం పదకొండూ ముప్పైఅయిదు చూపిస్తుండగా.

అదే గొంతు. అదే కావాలి. కళ్లు మూసుకుని పట్టుకోబోయింది. ‘లోపలికి రామ్మా.’ చెవులపిల్లి బటన్ నొక్కాడు. “మేడమ్, ఫిర్యాదు నమోదు చేసుకుంటున్నట్టుంది.” మళ్లీ అంది. “ఇప్పుడు జాలిగా ఉంది.” మళ్లీ. “ఇప్పుడు మీరే, మేడమ్.” చేతిలో పుస్తకం విసిరికొట్టాలనిపించింది. చెవిలో స్పష్టంగా మోగుతోంది, గొంతులోకి దిగడం లేదు. ఊరందరి గొంతులూ పలికించగలదు, కుక్కను పలికించింది, మూడేళ్ల పిల్లవాణ్ని పలికించింది, చచ్చిపోతున్న జడ్జిని పలికించి మెప్పు పొందింది, ఈ ఒక్కటి ఎందుకు రాదు? అప్పుడు చెవులపిల్లి ఆమె ఫోను తెచ్చి గాజుకు ఆనించి చూపించాడు. అక్క. రోజూ ఈ వేళకే, మాత్రల సంగతి అడగడానికి. పనిలో ఉండగా రీడరమ్మ ఎప్పుడూ ఫోనెత్తదు, ఇంటికెళ్లి తిట్లు తింటుంది. ఈసారి తలుపు తోసుకుని బయటికొచ్చి నడవాలో నిలబడి ఫోను అందుకుంది.

“ఎన్నిసార్లు చెయ్యాలే? పన్నెండుకు తెల్ల బిళ్లా, ఆకుపచ్చదా? తడిమితే ఏది ఏదో తెలియడం లేదు,” అంది అక్క గరగరా.

“గుండ్రంగా ఉన్నది వేసుకో. అక్కా, ఒక్క మాట. ఎక్స్ఛేంజిలో మాట్లాడేదానివి చూడు, ఆ గొంతుతో ఒక ముక్క చెప్పవా నాకు?”

“ఏ గొంతు?”

“నంబరు అడిగే గొంతు.”

“మతి పోయిందా? రిటైరై పద్నాలుగేళ్లయింది. పనిలో ఉండి ఇదేం ఆట?”

“నా పుస్తకం పోయేలా ఉంది అక్కా,” అంది రీడరమ్మ. అలా అడుక్కోవడం ఆమెకే కొత్త. “నాకు ఆ గొంతు రావడం లేదు. ‘లోపలికి రామ్మా, నీకోసమే దీపం ఆర్పకుండా ఉంచాను.’ అంతే, ఈ రెండు ముక్కలే.”

అవతల కుర్చీ కిర్రుమంది. అక్క నీళ్లు తాగిన చప్పుడు. గొంతు సవరించుకోవడం, ఒకసారి, రెండోసారి. నిటారుగా కూర్చుని ఉంటుంది, చెవిమీద జుట్టు వెనక్కి తోసుకుని ఉంటుంది. తర్వాత, “లోపలికి రామ్మా,” అంది. “నీకోసమే దీపం ఆర్పకుండా ఉంచాను.” వయసు ఎక్కడికి పోయిందో. రీడరమ్మ ముంజేతుల మీద రోమాలు లేచాయి. నడవా గోడకు ఆనుకుంది. మెచ్చుకోవాలి, థాంక్స్ చెప్పాలి, పరుగెత్తాలి, టైము లేదు. కానీ నోట్లోంచి వచ్చింది వేరే.

“ఇంట్లో ఒక్కసారైనా ఇలా మాట్లాడలేదేం నాతో?”

“ఇంట్లోనా?” అక్క నిజంగా అర్థం కానట్టే అడిగింది, గొంతు అప్పటికే పాత గొంతు. “ఇంట్లో నీతో అలా మాట్లాడ్డానికి నువ్వేమైనా పరాయిదానివా?”

నలభై తొమ్మిదేళ్ల కోపానికి ఇదా జవాబు? తిట్టాలనిపించింది, పట్టుకుని కుదపాలనిపించింది, ఇంకోసారి చెప్పమని అడగాలనిపించింది. అక్క అప్పటికే “గుండ్రంగా ఉన్నదంటే పెద్దదా చిన్నదా?” అంటోంది. పెద్దది అని చెప్పి లోపలికి పరుగెత్తింది. పన్నెండుకు ఇంకా పదినిమిషాలుంది. తలుపు మూసింది, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది, నిటారుగా కూర్చుంది, తెలియకుండానే చెవిమీద జుట్టు వెనక్కి తోసుకుంది. వేలెత్తింది. ఎర్రలైటు వెలిగింది. “లోపలికి రామ్మా. నీకోసమే దీపం ఆర్పకుండా ఉంచాను.” వచ్చింది. చెవులపిల్లి చేతులు మీటల మీద ఆగిపోయాయి. అతని వెనక మేనేజరు నిలబడి ఉన్నాడు, మేనేజరు వెనక వార్తలమ్మాయి సంచి భుజానికి తగిలించుకుని వచ్చి నిలబడి ఉంది, ముగ్గురూ కదల్లేదు. మేనేజరు వార్తలమ్మాయి వైపు తిరిగి ఏదో చెప్పాడు, ఆ పిల్ల తల ఊపి బయటికి వెళ్లిపోయింది. గెలిచినట్టే. పుస్తకం నిలిచినట్టే. ఇక పద్దెనిమిది అధ్యాయాల్లోంచి ఆ గరగర అంతా తీసేసి ఈ తీపి పొయ్యడమే, పరాయివాళ్ల కోసం దాచిన తీపి.

కింద వరుస కొత్తకోడలిది. చీకట్లో, మెట్ల కింద, కొవ్వొత్తి ఆరిపోయాక, పైనుంచి ఆ గొంతు వినిపించగానే ఆమె అనాల్సిన ఒక్క మాట. బ్రాకెట్లో ‘వణుకుతూ’ అని ఉంది. రీడరమ్మ చదివింది. “వస్తున్నాను.”

లైటు ఆరింది. చెవులపిల్లి బటన్ నొక్కాడు. “మేడమ్, పెద్దావిడకు తిరుగులేదు. కానీ ఈ అమ్మాయి భయపడాలి కదా ఇక్కడ. మీరు సంబరంగా వెళ్తున్నారు.”

“తెలుసు,” అంది. “మళ్లీ తీద్దాం.”

మళ్లీ తీశారు. గొంతు బిగించి, ఊపిరి సగంలో పట్టి, అరచేతిలో గోళ్లు గుచ్చుకుని అంది. మళ్లీ అలాగే వచ్చింది. ఇంకోసారి తీశారు.